షాట్ అయ్యాక నవ్వాల్సిన మనిషి

కూర్చోండి బాబూ, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట సర్దుకోండి. చివర్లో ఎలాగూ అందరం నిలబడాలి. ఈసారి ఎంతసేపు నిలబడాలో నాకే తెలీదు. కాబట్టి కాళ్ళు దాచుకోండి.

ఎండనపడి, ఈ గవర్నర్‌పేట ట్రాఫిక్కులో ఈదుకుంటూ ఇంతమంది వచ్చారు. మా హుమాయూన్ పోయి ఇంకా వారం తిరగలేదు. ఆయన పోయాడంటే నమ్మబుద్ధి కావడం లేదని ఇందాకటి నుంచి మాట్లాడిన ప్రతివాళ్ళూ అన్నారు. అందులో వింతేముందండీ? ఆయన చావడం మీరంతా నాలుగేళ్ళుగా చూస్తున్నారు. భోజనాల వేళకి టీవీ పెట్టుకుని, కంచంలో వేలు ఆడిస్తూ చూశారు. చచ్చిన ప్రతిసారీ లేచాడు. ఈసారి లేవలేదు. అందుకని ఈ సభ పెట్టుకున్నాం.

నన్ను తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు హనుమాయమ్మ. మంగళగిరిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టాను, నాటకాల్లో బతికాను, ఈ వయసులో టీవీ పుణ్యమా అని దేవతనయ్యాను. 'నల్లరేవు నీడ' సీరియల్లో నల్లరేవు తల్లిని నేనే. మంత్రగాడు కంకాళయ్య హుమాయూన్. అంటే, ఆయన్ని అందరికంటే ఎక్కువసార్లు చంపిన మనిషిని నేనన్నమాట. ఆ హోదాతోనే నన్ను మైకు దగ్గరికి పిలిచారు. నిర్మాత సాంబమూర్తి గారు నా చెవిలో 'రెండు మంచి ముక్కలు చెప్పండమ్మా' అన్నారు. చెబుతాను సాంబమూర్తి గారూ. మంచివో కావో మీరే తేల్చుకోండి.

ఆయన భార్య షహజాది ఈ సభకి రాలేదు. 'కట్టుకున్నదానికే లేదు, మనకెందుకు' అని మూడో వరసలో ఒకావిడ అనడం నాకు వినపడింది. దేవతనే అయినా నాకు చెవులున్నాయమ్మా. వాళ్ళ పద్ధతిలో భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు గడప దాటదు. అందుకని కూతురు మహెక్ వచ్చింది, అదుగో, ఆ చివర కూర్చుంది. షహజాది నాతో ఒక మాట పంపింది. అది ఆఖర్న చెబుతాను.

ముందు ఈ ఫోటో సంగతి తేలాలి. నా వెనక ఇంత ఎత్తున నిలబెట్టారే, ఇది. నల్ల అంగీ, నుదుట ఇంతేసి బొట్టు, మెడలో ఎముకల దండ, మూతి మీద నవ్వు, మూలన చానెల్ ముద్ర. ఇది హుమాయూనా? ఇంటివాళ్ళు వేరే ఫోటో ఇచ్చారు. తన కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని, ముక్కు మీద జోడు పెట్టుకుని, నవ్వకుండా ఉన్న ఫోటో. అందులో ఆకర్షణ లేదని పక్కన పడేశారు. పైగా దీనికి దండొకటి. వాళ్ళింట్లో ఫోటోకి దండ వేస్తారో లేదో అడగాలని ఎవరికీ అనిపించలేదు. ఏం చేస్తాం, దండ వేస్తే కెమెరాకి బాగుంటుంది.

ఆ నవ్వు గురించి మాట్లాడాలి. ఈ సభంతా ఆ నవ్వు గురించే.

మా నటుల్లో ఒక ఆచారం ఉంది. నాటకమైనా సినిమా అయినా సీరియలైనా, పాడె మీద శవంగా పడుకున్నవాళ్ళు షాట్ అయిపోగానే కళ్ళు తెరిచి కెమెరా వంక చూసి ఒకసారి నవ్వాలి. ఆ నవ్వు కెమెరాలో పడాలి. అప్పుడుగానీ దిష్టి పోదు. ఫోటోకి దండ వేసి చూపించినా అంతే, ఆ నటుడు వచ్చి నవ్వి వెళ్ళాలి. ఎవరు పెట్టారో తెలీదు, అందరం పాటిస్తాం.

హుమాయూన్‌కి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. మొదటిసారి ఉయ్యూరు అవతల చెరుకు తోటల మధ్య మా సెట్‌లో ఆయన్ని నేను శూలంతో పొడిచాను. చచ్చాడు. షాట్ అయిపోయింది, అందరూ భోజనాలకి కదిలారు. ఆయన మాత్రం లేవడు. ఏమయ్యా అంటే, 'అక్కా, నాకు దిష్టి భయం లేదు, కానీ లైట్లు పట్టుకున్న కుర్రాళ్ళు నా వంక బిక్కమొహం వేసుకుని చూస్తున్నారు, వాళ్ళ కోసం నవ్వి లేస్తాను' అన్నాడు. కెమెరా మళ్ళీ పెట్టించి నవ్వాడు. అది మంత్రగాడి నవ్వు కాదండీ. కళ్ళజోడు అమ్మే మనిషి, గిరాకీకి జోడు సరిగ్గా కూర్చున్నప్పుడు నవ్వే నవ్వు. శుభ్రమైన నవ్వు.

నిజానికి కంకాళయ్యది వారం రోజుల వేషం. పెళ్ళికూతుర్ని ఎత్తుకొస్తాడు, రేవులో బలి ఇవ్వబోతాడు, దేవత చంపుతుంది, అయిపోయింది. కానీ ఎడిటింగ్ గదిలో ఎవరో కునికిపాట్లు పడుతూ ఆ నవ్వు ముక్కని కోసెయ్యడం మర్చిపోయారు. అది అలాగే ప్రసారమైపోయింది. చచ్చి పడి ఉన్న మంత్రగాడు కళ్ళు తెరిచి, మీ వంక చూసి, తియ్యగా నవ్వాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పాలా? మీరే చేశారు కదా. ఫోన్లలో ఆ ముక్క తిప్పారు. పిల్లలు జడుసుకున్నారని ఆనందంగా చెప్పుకున్నారు. కంకాళయ్య మళ్ళీ ఎప్పుడొస్తాడని చానెల్‌ని పీక్కుతిన్నారు. దర్శకుడు కిరణ్‌కుమార్, అదుగో, తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు, ఇదంతా తనే ముందుగా ఆలోచించి పెట్టిన మలుపని పేపరోళ్ళకి చెప్పాడు.

ఇక కంకాళయ్య ఎదగడం మొదలుపెట్టాడు. ముందు ఆత్మయ్యాడు. తర్వాత హీరో ఒంట్లో దూరాడు. తర్వాత ఆ హీరోకి సొంత తండ్రని తేలింది. తండ్రయ్యాక పశ్చాత్తాపం వచ్చింది, ఎముకల దండ తీసేసి తులసిమాల వేశారు, నా గుడి మెట్లు కడిగించారు. మీకు విసుగొచ్చింది. మంచివాణ్ణి ఎవరు చూస్తారండీ? రేటింగు పడిపోయింది. వెంటనే తులసిమాల తెంపించి, ఈసారి మనవణ్ణే బలి అడిగే పిశాచాన్ని చేశారు. ప్రతి మలుపుకీ ఒక చావు, ప్రతి చావుకీ ఒక నవ్వు. హుమాయూన్ ఒకసారి మేకప్ తుడుచుకుంటూ, 'అక్కా, ఈ కంపెనీలో ఉద్యోగాలే కాదు, చావు కూడా పర్మినెంటు కాదు' అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక్కడ ఆయన అభిమానులమని బ్యానరు పట్టుకొచ్చినవాళ్ళున్నారు. బ్యానరు బాగుంది. మీకొక సంగతి గుర్తుచేస్తాను. ఆయన కళ్ళజోళ్ళ షాపు ఈ హాలుకి నాలుగు వీధుల అవతల ఉంది. కంకాళయ్య చెడ్డవాడుగా ఉన్నప్పుడు ఆ షాపు మెట్టు ఎక్కినవాడు లేడు. అదే కంకాళయ్యకి తులసిమాల వెయ్యగానే పసిపిల్లల్ని ఎత్తుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టారు. ఆయన కంగారుపడి, 'నేను అద్దాలమ్ముకునేవాణ్ణమ్మా, దీవెనలు నా దగ్గర దొరకవు' అని పిల్లల్ని ఎత్తి తల్లుల చేతికిచ్చేవాడు. మళ్ళీ పిశాచం అయ్యాడు. ఆ వారమే షాపు అద్దం పగిలింది. రాయి విసిరిందెవరో ఆయనకి తెలుసు. రోజూ ఆ వీధిలోనే తిరిగే పెద్దావిడ. కొన్నాళ్ళకి చత్వారం ముదిరి ఆవిడే వచ్చింది, వేరే షాపులు కట్టేసి ఉంటేనే వచ్చిందిలెండి. ఆయన జోడు తయారుచేసి, స్వయంగా ఆవిడ చెవులకి తగిలించి, 'ఇప్పుడు గురి బాగా కుదురుతుంది' అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ పెద్దావిడ ఇవాళ ఈ సభలో ఉంది. పేరు చెప్పను. ఆ జోడుతోనే నన్ను చూస్తోంది.

ఆయన మంచివాడని చెప్పడానికి ఇది చెప్పడం లేదు. మనం ఎలాంటివాళ్ళమో చెప్పడానికి చెబుతున్నాను.

ఇక ఆఖరి రోజు. ఆ రోజు నేను సెట్‌లో లేను. దేవత అక్కర్లేని సీను. కంకాళయ్యని పాడె మీద మోసుకొచ్చి రేవులో దింపుతారు, జనం చుట్టూ నిలబడతారు, ఎప్పట్లాగే అతను నవ్వాలి. ఈ మధ్య కిరణ్‌కుమార్ ఒక కొత్త పద్ధతి పెట్టాడు. దిష్టి కోసం నవ్వే నవ్వుని కథలోకి లాక్కున్నాడు కదా, ఇప్పుడు దానికి లెక్క కట్టాడు. నవ్వు ఎంత ఆలస్యమైతే చూసేవాడికి అంత గుబులు. అందుకని నవ్వేదాకా కట్ చెప్పడు. నవ్వేదాకా ఎవరూ ఆయన్ని ముట్టుకోకూడదు, పలకరించకూడదు. హుమాయూన్ ఊపిరి బిగబట్టి పడుకోవాలి. గుండె బాగాలేదని ఆయన చెప్పాడు. అంతకుముందు ఒక షూటింగులో, నా ముందే చెప్పాడు. 'చచ్చిపడుకునే వేషమేగా సార్, దీనికంటే తేలికపాటి పని ఏముంది' అన్నాడు కిరణ్‌కుమార్. అప్పుడు కూడా అందరూ నవ్వారు.

మరి ఆ రోజు జరిగింది నాకెలా తెలుసు? సాంబమూర్తి గారే చూపించారు. మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఫోనులో చూపించారు.

పాడె మీద హుమాయూన్. చుట్టూ జనం. చెరుకు తోటలో గాలి. ఆయన మొహం మీద చెమట. కాసేపటికి చెయ్యి ఒకసారి కదిలింది. పాడె వెదురుని పట్టుకుంది, వదిలేసింది. మానిటర్ దగ్గర నుంచి గుసగుసగా మాట వినపడుతుంది, 'అబ్బ, ఏం చేస్తున్నాడ్రా, ఆపకండి, ఆపకండి' అని. ఆపలేదు. కెమెరా నెమ్మదిగా మొహం మీదికి వెళ్ళింది. అందరూ ఎదురుచూస్తున్నారు. ఎవరూ దగ్గరికి పోలేదు. ఎందుకు పోతారు? ఆయన నవ్వాలిగా. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఒక గొంతు, 'సార్, ఇక నవ్వండి సార్' అంది. ఇంకో గొంతు కూడా అంది. ఎంతసేపు అలా నిలబడ్డారో తెలుసా? ఇలాంటి సభల్లో మనం మౌనం పాటించే సేపటికంటే చాలా ఎక్కువ.

దొమ్మీలో పోతే ఒక అర్థం ఉంది, రోడ్డు మీద పోతే ఒక అర్థం ఉంది. చుట్టూ అంతమంది కళ్ళు విప్పుకుని చూస్తుండగా, బాగా చేస్తున్నాడని మెచ్చుకుంటుండగా పోయాడు మా హుమాయూన్.

అది నాకెందుకు చూపించారో అడగరేం? వచ్చే శుక్రవారం ప్రత్యేక భాగం వేస్తున్నారట. ఈ ఆఖరి షాట్ మొత్తం అలాగే వేస్తారట. చివర్లో పాత భాగంలోంచి ఒక నవ్వు తీసి అతికిస్తారట. అప్పుడు నల్లరేవు తల్లి వచ్చి అతని ఆత్మని ఒళ్ళోకి తీసుకోవాలి. ఆ ఒక్క సీనుకి నేను కావాలి. 'ఇది హుమాయూన్ గారికి మనమిచ్చే నివాళి అమ్మా' అన్నారు సాంబమూర్తి గారు. కాఫీ బాగుందని కూడా అన్నారు.

ఇదుగో, అందరి ముందూ చెబుతున్నాను. ఆ ఎర్రచీర నేను కట్టను. శూలం పట్టను. ఇంకొకరిని దేవతని చేసుకుంటారా, చేసుకోండి, మీకు మనుషుల్ని మార్చడం కొత్త కాదు. కానీ షహజాది పంపిన మాట ఒకటుందన్నాను కదా. ఆమె అన్నది అన్నట్టు చెబుతాను. 'అక్కా, ఆయన ఆఖరి ఊపిరి నేను చూడలేదు, నా బిడ్డ చూడలేదు. మేం చూడనిది ఊరు చూడకూడదు.' ఇంతే. ఆమె ఏడవలేదు కూడా. నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి చెప్పింది.

ఏం సాంబమూర్తి గారూ? తల ఊపుతున్నారు. అది అవునా, కాదా? తల ఊపితే మైకులో పడదండీ. చానెల్‌తో మాట్లాడాలంటారా? చానెల్ పెద్దలు మీ పక్కనే కూర్చున్నారు. కిరణ్‌కుమార్, ఇకనైనా ఆ ఫోను జేబులో పెట్టు నాయనా. అదుగో, ఆ మూల కెమెరా పెట్టినవాళ్ళు, మీరు మాత్రం తియ్యండి. ఇది బాగా తియ్యండి.

మహెక్, ఇలా రా తల్లీ. ముందు ఆ దండ తీసెయ్యి. ఆ ఫోటోని గోడవైపు తిప్పు. ఆ నవ్వు ఇక చాలు.

ఇప్పుడు అందరూ లేవండి. మౌనం పాటిద్దాం. మామూలుగా రెండు నిమిషాలంటారు. ఇవాళ లెక్క లేదు. ఆ రోజు మీ యూనిట్ అంతా నిలబడి ఒక మనిషి నవ్వు కోసం ఎదురుచూసింది. ఇవాళ ఈ హాలంతా నిలబడి సాంబమూర్తి గారి మాట కోసం ఎదురుచూస్తుంది. శుక్రవారం ఆ షాట్ వెయ్యనని ఆయన లేచి నోటితో చెప్పేదాకా ఎవరూ కూర్చోవద్దు, ఎవరూ దగ్గరికి వెళ్ళొద్దు, ఎవరూ పలకరించొద్దు.

కట్ చెప్పేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. నిలబడండి.