ఆవిడ తెచ్చే ఓట్లు

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి పార్టీకి పనిచేస్తున్న డేల్ వంటింట్లో గుడ్లు వేయిస్తుంటే, అతని భర్త కర్టిస్ వచ్చి రేడియో కట్టేశాడు.

"అయితే ఉపాధ్యక్ష పదవికి మీ పార్టీవాళ్లు ఆవిడనే నిలబెట్టారన్నమాట!"

"ఆవిడ ఉంటే చర్చి ఓట్లన్నీ మావే, కర్టిస్."

"మనలాంటి మగవాళ్ల పెళ్లిళ్లు రద్దు చేయిస్తానంది కదా?"

"ఓట్ల కోసం వంద అంటారు. గెలిచాక ఎవరికి గుర్తుంటుంది?"

"చర్చివాళ్లకి గుర్తుంటుంది. వాళ్లు ఓటేసేదే అందుకు."

డేల్ పొయ్యి ఆర్పాడు.

"మరి మనలాంటివాళ్ల ఓట్ల సంగతేమిటని మీ పార్టీ ఆఫీసులో అడిగావా?" అన్నాడు కర్టిస్.

"అడిగాను. 'మమ్మల్ని వదిలి నువ్వెక్కడికి పోతావులే' అని అందరూ నవ్వారు."

"నువ్వేం చేశావు?"

"నేనూ నవ్వాను," అన్నాడు డేల్, భర్త మొహంలోకి చూడకుండా.