మంచం పైనున్న నాలుగు పలకలు

నిచ్చెనెక్కిన వడ్రంగి ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి పైకెత్తి, లోపలికి టార్చి కొట్టాడు. కింద ఇంటాయన నిచ్చెన పట్టుకున్నాడు.

"బాబాయ్, పైన టేకు దూలాలు! నిగనిగలాడుతున్నాయి. ఇంత బంగారాన్ని ఈ మరకల అట్టల వెనక దాచిన మహానుభావుడెవరు?"

"నేనే. వేడి దిగుతోందని కొట్టించాను."

"బాగుంది సంబడం! పోనీ పీకడమెందుకు, దుమ్మంతా నెత్తిన పడుతుంది. దీనికిందే సన్నచెక్క బిగించేస్తాను."

"పీకెయ్."

"ఎందుకైనా మంచిది, పిన్నిగారిని ఓ మాట అడగండి."

"ఆవిడే అడిగింది. జబ్బుపడి ఈ మంచం మీద ఏడాది పడుకుంది. ఆ మరకలు చూడలేకపోతున్నాను, పీకించండి అని రోజూ అడిగేది. నువ్వు లేచి తిరుగు, అప్పుడు చూద్దామన్నాను."

"లేచారా?"

"లేవలేదు."

వడ్రంగి పలకను దాని చోట సర్ది, మంచం వైపు టార్చి తిప్పాడు.

"అయితే మంచం వైపు నుంచే మొదలుపెడతాను బాబాయ్."

"వద్దు. మంచం పైనున్న ఆ నాలుగూ వదిలేసి, మిగతావన్నీ పీకెయ్."

"మరకలన్నీ వాటి మీదే కదా! చూసినవాళ్లు నవ్వుతారు."

"చూడ్డానికి ఎవరూ రారు. ఇప్పుడా మంచం మీద పడుకునేది నేను."