ఆముదం గిన్నె

గుంటూరు యార్డుకు అమ్మకానికి తీసుకెళ్ళిన మిరపకాయల బస్తాలు, టిక్కీలు నలభై, అదే లారీలో ఇంటికి తిరిగి వచ్చాయి. ఆ కాయలమ్మి, తాకట్టులో ఉన్న చేనును మర్నాటిలోగా విడిపించుకోవాలి. వాకిట్లో మొగుడూ పెళ్ళాల మాటలు వీధిలోకి వినపడుతున్నాయి.

"ఆ యార్డు వ్యాపారి సుబ్బరామయ్య పదిమందిలో నన్ను దొంగన్నాడే!"

"నువ్వేం చేశావయ్యా?"

"కాయలు మెరవాలని నూనె రాశానంట. తెల్లకాగితంలో పెట్టి నలిపి చూపించాడు. నూనె మరక!"

"మన కాయలకా? నూనా?"

"ఏ టిక్కీ విప్పినా అదే మరక. ఏమే, అట్టా బిగుసుకుపోయావేం?"

"కాయల తొడిమలు, ముచ్చికలు తీసే ఆడోళ్ళకి చేతులు మండుతుంటే, ఆముదం గిన్నె నేనే పెట్టానయ్యా."

"ఓసి నీ... ఆముదం పనయ్యాక, చేతులు కడుక్కుని కదే రాసుకునేది!"

"పనయ్యేదాకా మంట ఆగుద్దా? ఆ కూలికొచ్చిన మెహర్ తన చంటిబిడ్డని ముట్టుకోలేక ఏడ్చింది. ముందే పూసుకుంటే కారం తోలుకి పట్టదని, మా అమ్మ అట్టాగే చేసేది."

"నాకొక మాట చెప్పొద్దూ?"

"ఆముదమేగా అనుకున్నా. పోయి నిజం చెబుదాం పద."

"ఎవడు నమ్ముతాడే? నూనె రాసినోడు రంగు కూడా కలిపే ఉంటాడని ఆ సుబ్బరామయ్య యార్డంతా చెప్పేశాడు. రేపటికి ఎవడూ కొనడు."

"అయితే చేను..."

"పోయినట్టే."

"మొత్తమా?"

"మొత్తం. ఎకరం డెబ్బై సెంట్లు."