పోచన్న బ్రిడ్జి సుంకం

ఇటు కూసో నవీనా, ఆ ఫోను పక్కకు పెట్టు. మండే గ్యాసు పొయ్యి ముందట కూసోని చెప్తున్న, నేను చెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లె మిగిలిన మూడు పండ్లు ఈ గిన్నెలనే రాలిపోవాలె. నాలుగా? సరే, నాలుగు. రోజూ చూసేదానివి నీకే ఎరుక. నువ్వు ఈ మస్కట్ల, వాదీ కబీర్‌ల చూసేటివి బ్రిడ్జిలే కావు బిడ్డా. రెండు దేశాల నడుమ బ్రిడ్జి కట్టి, దాని మీద సుంకం వసూలు చేసిన మొగోడు దునియల ఒక్కడే, మా పోచన్న. రాజులతోటి కాలే, కంపెనీలతోటి కాలే. ఎనబై తొమ్మిదిల ముచ్చట. నేనప్పుడు బురైమిల ఒక అరబ్బోల్లింట్ల పనికున్న. ఇంటి ఎనుక వాదీ, అంటే ఎండు వాగు. ఈ ఒడ్డు ఒమన్, ఆ ఒడ్డు దుబాయోల్ల రాజ్యం. అప్పుడు కంచె లేదు, గేటు లేదు. మా మేడం మేకలు పొద్దున ఆ దేశంల మేసి, పొద్దూకంగ ఈ దేశంల పాలిచ్చేటియి. ఒక్కదానికి పాస్‌పోర్టు లేదు. ఆ ఏడు వాన పడ్డది సూడు, వాదీల ఏడు తాటిచెట్ల లోతు నీల్లు. ఏం నవ్వుతవ్? సరే, నడుము లోతు. మోకాళ్లకు దించకు, ఇగ నేను ఒప్పుకోను. లోతు కొలిచేటోనికి భయమెట్ల తెలుస్తది, దాటేటోన్ని అడుగు.

శుక్రవారం వస్తె చాలు, మనోల్లు లుంగీలు నెత్తికి సుట్టుకొని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఊరోల్లను కలువాలె కదా. పోచన్న సెంట్రింగ్ మేస్త్రి, మా పక్కూరోడే. సైటు కాడి నుంచి మూడు చెక్కలు, రెండు ఖాళీ డ్రమ్ములు తెచ్చిండు. కట్టంగ కట్టంగ నడుమ ఇంత తక్కువవడ్డది. మా మేడం స్టోర్ రూముల ఒక పాత తలుపుండె, ఇత్తడి గొళ్లెంది. నేనిచ్చిన్నా? నేనియ్యలే. నేను కిటికీలకెల్లి చూస్తనే ఉన్న, అదే నడుసుకుంట పోయి వాదీల పండుకున్నది. మేడం అడిగితె, "గాలికి కొట్టుకపోయింది మామా" అన్న, ఆడ మేడంను మామా అనే పిలుస్తరు. ఆ బ్రిడ్జి మీద ఎవడు నడిసినా గొళ్లెం టక్కుమనేది. నాకు వంటింట్ల ఇనవడేది, ఇగో ఒకడు దేశం దాటిండు, ఇగో ఇంకొకడు.

ఇగ సుంకం. పైసలనుకుంటివా? థూ. చెంచా పట్టుకొని కూసునేటోడు. ఎవడన్న తొక్కు సీసా తెస్తె మూత తియ్యాలె, ఒక చెంచా ఆయన నోట్లె పడాలె, అప్పుడే దారి. కడప సమీయుల్లా ఎక్కిరిచ్చేటోడు, "క్యా పోచన్న భాయ్, పుల్ బనాయే కి హోటల్ ఖోలే?" అని, బ్రిడ్జి కట్టినవా హోటల్ తెరిసినవా అని. ఒకనాడు పోలీసాయన వచ్చిండు. "యే కిస్కా హై?" అని ఉరిమిండు. పోచన్న మన ఎల్లిపాయ తొక్కు ఒక చెంచా ఆయన నోట్లె పెట్టిండు. ఆయన వంగి వాదీల నీల్లు తాగిండు తాగిండు, జానెడు తగ్గినయి. ఒట్టు! పై శుక్రవారం ఆయనే రొట్టెలు పట్టుకొని వచ్చిండు.

అందరు తిండిపోతన్నరు. నేను గూడ అన్న. "ఏమయ్యా, కడుపా అది, వాదీయా?" అని. గప్పుడు చెప్పిండు నాకు, తల వంచుకొని. ఆయనకొక తమ్ముడు, నర్సింగ్. తనే వీసా తీసి తెచ్చుకున్నడు. ఒకనాడు సైటుల పిల్లగాడు నీడకొరిగి నిద్రపోయిండు, కలిపిన సిమెంటంత రాయయ్యింది. నలభై బస్తాలు. నాలుగంటరు గాని, వాల్లకేం తెలుసు. పోచన్న అందరి ముందట చెంప మీద ఒక్కటి పీకిండు. ఆ సప్పుడుకు మస్కట్ల పావురాలు లేసినయి. పిల్లగాడు చెప్పులు చేతవట్టుకొని వాదీ దాటి పోయిండు. అన్నకు రెండేండ్లు చిట్టీ లేదు, కబురు లేదు. ఊర్లె తల్లికి ఎక్కడున్నడో ఎరుకే, గని "అన్నకు చెప్తె నా మీద ఒట్టే" అన్నడట పిల్లగాడు. ముసల్ది పోచన్నకేమో, "తమ్మున్ని తోలుకరా. ఒక్కనివే వచ్చినవో, గడప ఎక్కనియ్య" అని చెప్పి పంపింది. వీసా నెల రోజులల్ల అయిపోతున్నది. "కాశమ్మక్కా, అమ్మ చిన్నోనికి తొక్కు పంపకుంట ఉంటదా? ఎవని చేతులనో నా బ్రిడ్జి మీదికెల్లే పోవాలె. మా అమ్మ మెంతులు పొయ్యి మీద పెట్టి పక్కింటామెతోని ముచ్చట్లకు పోతది. దునియల గంత నల్లగ ఎవ్వలు మాడ్సరు. నాలిక మీద పడ్డదంటె చాలు, నాకు తెలుస్తది" అన్నడు.

మూడు శుక్రవారాలు పోయినయి. ఎన్ని తొక్కులు తిన్నడో, కడుపుల మంటకు రాత్రిల్లు మజ్జిగల ఈదిండు. నాలుగో శుక్రవారం పోచన్న ఊరోడే, పెద్దులు, వచ్చిండు, లీవు నుంచి దిగి రెండొద్దులాయె. చంకల హార్లిక్స్ సీసా, నిండ తొక్కు. "ఇది నా సొంతానికన్నా, నాకే సాలదు" అని గునిసిండు. సుంకం సుంకమే. పోచన్న చెంచా నోట్లె పెట్టుకున్నడు, గంతె, తలుపు మీద కూలవడ్డడు. కండ్లల్ల నీల్లు. "కారమా అన్నా?" అంటె, "కాదురా, మాడింది. మాడిందిరా!" అని నవ్వుడు, ఏడ్సుడు. పెద్దులు చేతులు జోడిచ్చిండు. "చెప్పనని అవ్వకు ఒట్టేసిన్నన్నా." "చెప్పకురా. నువ్వు ముందట నడువు, నేను ఎనుక వస్త. నడువనని ఒట్టెయ్యలే కదా!"

నడిచే పనే లేకపాయె బిడ్డా. ఆ ఒడ్డున ఖర్జూరపు చెట్టు చాటున నర్సింగే నిలవడ్డడు, తొక్కు కోసం. ఒక్క ఆనాడేనా, నెల నుంచి శుక్రవారం శుక్రవారం అన్నను దొంగసూపులు సూస్తున్నడట. ముందటికి రాబుద్ధైతది, చెంప గుర్తుకొస్తదట. పోచన్న చూసిండు, "ఒరేయ్!" అని సీసా పట్టుకొని ఉరికిండు. తలుపు జారింది, మనిషి నీల్లల్ల. మునిగిండు గని సీసా పట్టిన చెయ్యి మాత్రం పైకే ఉన్నది, జెండా లెక్క. నర్సింగ్ దుంకిండు. రెండేండ్లకు అన్నతోని మొదటి మాటేందో ఎరుకేనా? "అన్నా, సీసా పైలం!" ఇద్దరు నడి వాదీల అలుముకొని నిలవడ్డరు, ఒకడు ఈ దేశంల, ఒకడు ఆ దేశంల, నడుమ హార్లిక్స్ సీసా. మా మేడం తలుపు టక్కు టక్కుమనుకుంట కొట్టుకపోయింది. సముద్రం చేరి ఇండియాకే పోయుంటది.

వీసా అయిపోకముందే ఇద్దరు కలిసే ఊరికి పోయిన్రు. ముసల్ది గడప మీదనే పోచన్న చెంప మీద ఒక్కటిచ్చి, అప్పుడు అన్నం పెట్టిందట. ఆ సప్పుడు నాకు బురైమిల ఇనవడ్డది. ముసల్ది పోయింది. పోచన్న పోయి పదకొండేండ్లాయె. నర్సింగ్ మల్ల వచ్చిండు, ఈన్నే హమ్రియాల మిషన్ కుట్టుకుంట...

మాడు వాసనంటవా? చూస్తున్నలే, మెంతులు కావాల్ననే మాడ్సిన. ఇగో, కలిపిన తొక్కు, ఈ సీసాల పెట్టుకో. హమ్రియాకు పోయి నర్సింగ్ తాతకిచ్చి రా, తిన్నడో లేదో చూసి రా. ఆగు, ఊకె ఎటు పోతవ్? మొదలు ఒక చెంచా నోట్లె ఏసుకో.