మా బాబాయి పిలిచిన పేరు

కోర్టులో ఇప్పుడు పేర్లు మైకులో పిలుస్తున్నారా? పోనీలే, గొంతులైనా మిగులుతాయి. మా బాబాయి చేసింది ఆ పనేరా అబ్బాయ్. కోర్టు బంట్రోతు. గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలిస్తేగానీ లోపల కేసు మొదలవకూడదు. మనిషి ఎదురుగా ఉన్నా సరే, మూడుసార్లే. ఇంట్లోనూ అదే వరస, మంచినీళ్ళకి మా పిన్నిని మూడుసార్లు పిలిచేవాడు. "ఇక్కడే చచ్చాను కదా, నేనేమన్నా ముద్దాయినా?" అనేది ఆవిడ. గొంతు మటుకు... సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, ఆ ప్రెస్సు కుర్రాడు. అచ్చాఫీసులో పనిచేసేవాడు, పోలీసులు పట్టుకెళ్ళారు. నేరమేంటని అడిగితే అది ప్రభుత్వ రహస్యం అన్నారు. వాడికైనా చెప్పారో లేదో మరి. కేసు ఫలానా రోజని వాళ్ళమ్మకి ఎవరో చెవినేశారు. పొద్దున్నే వచ్చి వరండాలో ఓ మూల కూర్చుంది, కొడుకుని ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని. లోపలికి రానివ్వరేమోనని బెంగ. మా బాబాయే ధైర్యం చెప్పాడు, పేరు పిలవకుండా కేసు జరగదమ్మా, అది చట్టం, నేను పిలవగానే లేచి రా అని. ఊరికే అన్న మాట కాదురా, నిజంగానే నమ్మాడు.

తీరా లోపలికెళ్తే, తలుపులేసెయ్, ఈ పేరు పిలవొద్దు, పైనుంచి ఉత్తర్వు అన్నాడట గుమాస్తా. బయట వాళ్ళమ్మ కూర్చుందండీ అన్నాడట ఈయన. "అందుకేనయ్యా వద్దనేది." జడ్జిగారి వంక చూశాడు. ఆయన మంచివాడేలే పాపం, చీమనైనా తొక్కడు. తలొంచుకుని కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడట. చిటికెలో అయిపోయింది. కుర్రాణ్ణి వెనక తలుపులోంచి వ్యానెక్కించేశారు. మా బాబాయి బయటికొస్తే ఆవిడ ఆశగా చూసింది. ఏం తోచిందో ఏమో, గుమ్మంలో నిటారుగా నిలబడి ఆ పేరు మూడుసార్లూ పిలిచేశాడు. బజారు దాకా వినబడింది. పిలిస్తే మళ్ళీ తెస్తారనుకున్నాడేమో పిచ్చిమారాజు. ఆవిడ గబగబా లేచి, కొంగు సర్దుకుని, చెప్పులు బయటే వదిలేసి లోపలికి పరిగెత్తింది. ఏముంది లోపల, ఖాళీ బెంచీలు.

తర్వాత ఎవరడిగినా అసలు ఆ కేసే లేదన్నారు. కుర్రాడు మళ్ళీ కనబడలేదు. లేని కేసుకి పేరు పిలిచాడని మా బాబాయి ఉద్యోగం పీకేశారు. ఉద్యోగం పోయిందని ఏడవలేదురా ఆయన. "నా మాట నమ్మే కదరా ఆవిడ లేచింది" అనేవాడు, అన్నం ముందు కూర్చుని. మా పిన్ని మంచినీళ్ళు పిలవకముందే తెచ్చి పెట్టేది.

ఏంటీ, ఆ కుర్రాడి పేరా? మెల్లిగా అడగరా.

ఎండ ఇటు తిరిగింది, ఆ కుర్చీ కాస్త లోపలికి జరుపు.