నలభైలో ముప్ఫైమూడు

నీటి పరీక్షల కార్యాలయంలో, తలుపు వేసిన గదిలో ఇద్దరే ఉన్నారు: లెక్కల ప్రోగ్రాములు రాసే ఆమె, ఆ కార్యాలయానికి పెద్ద అయిన ఆమె బాబాయి. ఐదింటికల్లా నివేదిక వెళ్ళాలి.

"అది కాదు బాబాయ్, ఫైల్లో నలభై వీధులున్నాయి. ప్రోగ్రాము ముప్ఫైమూడే చదివింది."

"చదవనీ. సగటు ఎంతొచ్చింది?"

"ఆరు."

"సీసం పదికి లోపుంటే నీళ్ళు మంచివే. సంతకం పెట్టెయ్. నాలుగున్నరయింది."

"మిగతా ఏడూ ఏమయ్యాయని అడగరేం?"

"ఏవో ఖాళీలుంటాయి."

"ఖాళీలు కావు. అంకె ఉండాల్సిన చోట 'దాటింది' అని మాట ఉంది. యాభై దాటితే మీటరు కొలవలేదు కదా, పరీక్ష చేసినాయన అలా రాసి వదిలేశాడు."

"అయితే?"

"అయితే ఏంటి బాబాయ్! అంకెల్లో మాట కనిపిస్తే ఖాళీ అనుకో, ఖాళీలు వదిలేసి మిగతావాటికి సగటు తియ్యి అని ప్రోగ్రాములో ఉంది. అంటే బాగా పాడైన నీళ్ళనే ఏరి పక్కన పెడుతోంది. మిగిలినవి చూసి అన్నీ మంచివేనని చెబుతోంది."

"ఆ ముక్క రాసిందెవరు?"

"నేనే. చేరిన మొదటి వారంలో. మాట తగిలినప్పుడల్లా ప్రోగ్రాము ఆగిపోతోందంటే, ఖాళీ కింద తీసుకోమన్నది మీరు."

"నేనా? నేనెప్పుడన్నాను?"

"ఈ కుర్చీలోనే కూర్చుని అన్నారు."

"కాగితమ్మీద ఉందా?"

"బాబాయ్..."

"ఉందా అంటున్నా. లేదు. ప్రోగ్రాము మీద నీ పేరుంది. నాలుగేళ్ళ నివేదికల మీద నీ సంతకాలున్నాయి. రేపు అడిగేవాళ్ళు నన్నడగరమ్మా, నిన్నడుగుతారు. నీ మంచికే చెబుతున్నా."

"అంటే, తప్పు చేశాను కాబట్టి చేస్తూనే ఉండాలా?"

"గొంతు తగ్గించు. బయట మనుషులున్నారు."

"సరే, తగ్గించాను. ఆ ఏడు అంకెలూ ఇవ్వండి."

"ఏ అంకెలు? మీటరు కొలవలేదన్నావుగా?"

"శుభ్రమైన నీళ్ళు కలిపి, పలచన చేసి మళ్ళీ కొలుస్తారటగా. ఆ పుస్తకం మీ సొరుగులో ఉందని పరీక్ష చేసినాయనే చెప్పాడు."

"వాడికి నోరెక్కువ."

"ఇవ్వండి బాబాయ్."

"పైవాళ్ళకి రెండుసార్లు చెప్పాను, తెలుసా? గొట్టాలు మార్చడం ఇప్పట్లో కుదరదన్నారు. నివేదిక మాత్రం వేళకి రావాలన్నారు. నన్నేం చెయ్యమంటావ్?"

"ఏమీ చెయ్యొద్దు. చదవండి చాలు. ఫైలు జోలికి పోను, కీబోర్డు మీద నేనే కొడతాను. నా పేరే ఉండనీండి. ఉద్యోగం పోతే పోయింది."

"మీ నాన్నకేం చెప్పుకోను?"

"నేను చెప్పుకుంటాను. చదవండి."

సొరుగు తెరుచుకుంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"అరవై ఒకటి."

"ఊఁ."

"యాభై ఎనిమిది. డెబ్భై నాలుగు. అరవై ఆరు..."

"మెల్లగా, మెల్లగా. అరవై ఆరు. ఊఁ."

"యాభై మూడు. ఎనభై."

"ఎనభై. తర్వాత?"

"ఇంక చాలు. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే చదవడం ఆపేస్తుందిగా? నొక్కెయ్."

"ఆరే అయ్యాయి."

"ఆరు చాలమ్మా. సగటు ఎలాగూ హద్దు దాటిపోయింది. నీక్కావలసింది అదేగా?"

"ఏడోది ఏ వీధి?"

"ఏ వీధైతే ఏం?"

"ఏ వీధి బాబాయ్?"

"టైము చూశావా, ఐదుకి పది నిమిషాలే..."

"ఆ పుస్తకం ఇటివ్వండి."

"వద్దు, వద్దు. చదువుతా. తొంభై రెండు."

"వీధి అడిగాను."

"మన వీధే."

"తొంభై... తొంభై రెండు. కొట్టాను. ఖాళీ ఎంటరు కూడా నొక్కాను. ఇప్పుడు నలభై వచ్చాయి. సగటు పదిహేడు."

"కాస్త ఆగు, ఒక్క నిమిషం ఆలోచించుకుందాం..."

"పంపేశాను."

"పంపేశావా?"

"పంపేశాను. ఇప్పుడు చెప్పండి. మన వీధి నీళ్ళు ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళా! నా కూతురు పుట్టినప్పట్నుంచీ పాలపొడి ఆ నీళ్ళతోనే కలిపాను. పిన్నికి తెలుసా?"

"మేం కొన్న నీళ్ళే తాగుతున్నాం."

"ఒకే గోడకి అటూ ఇటూ ఉంటున్నాం బాబాయ్. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే, మీకెలా తెలుసని అడుగుతావు. అడిగితే ఫైలు తెరుస్తావు."