నోటి కొలత, గోటి కొలత

ఏ పుస్తకమే? ఎర్రట్టదా? ఇలా తే ఓపాలి. ఓలమ్మో, సెదలు తినీసుంటాయనుకున్నాను, ఇంకా బతికే ఉంది. కూకో కీర్తనా, మిషను మీద కాదు, బల్ల మీద కూకో. కొట్టు తర్వాత సర్దుదుం. ఇది మన గాజువాక కొట్టు కొలతల పుస్తకం, తొంభైయేడో తొంభైయెనిమిదో. రాత మీ మామ్మది. అప్పుడు నాకు టేపు మీద అంకెలు తప్ప ఇంకో ముక్క రాదు. ఏటి, రెండేసి వరసలెందుకున్నాయంటావా? ఒకటి నోటి కొలత, ఇంకోటి గోటి కొలత. నవ్వుతావేటి, ఇను. ఆడోళ్ళ నడుం కొలిసి ఉన్నది ఉన్నట్టు కేకేత్తే మళ్ళీ మన కొట్టు మెట్టెక్కుతారేటి? అందుకని నాను పైకి అంగుళమో రెండంగుళాలో తగ్గించి సెప్పీవోడిని. అసలు కొలత కాడ టేపుని బొటనేలి గోటితో నొక్కిపట్టి, అలాగే మీ మామ్మ సేతికిచ్చీవోడిని. ఆవిడ గోరున్న సోట సూసి రాసుకునీది. జాకెట్టు మాత్రం గోటి కొలతకే కుట్టీవోళ్ళం, సుబ్బరంగా పట్టీది. మరి నోటిది ఎందుకు రాయడమంటే, అబద్ధం ఆడడం సులువే గుంటా, నెల తిరిగాక అదే అబద్ధం మళ్ళీ ఆడడమే కష్టం. దానికీ ఓ లెక్క ఉండాలి కదేటి.

ఆ, ఆగు, తిప్పీకు. ఎర్ర గీతలున్న పేజీ, అది భ్రమరాంబ టీచరుగారిది. ఆవిడ పోయి పదిహేనేళ్ళు దాటిపోనాది. వాళ్ళది భీమవరం కాడ ఏదో ఊరు. వాళ్ళాయన గురునాథరావుగారికి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగమొత్తే ఇటొచ్చినారు. ఆవిడ బళ్ళో లెక్కలు సెప్పీవోరు. ఆవిడ సుద్దముక్క ఇసిరితే గురి తప్పీది కాదంట. మన కొట్టుకొచ్చినా తగువాడీవోరు కాదు, బేరమాడీవోరు కాదు. "వరహాలూ, గురువారం అన్నావు. ఇవాళ శుక్రవారం," అంతే అనీవోరు. నాకు సెమట్లు పట్టీసీవి. ఆ ఫేను కొంచెం ఇటు తిప్పు. ఎక్కడున్నాం? ఆ, ఆవిడకి గొంతు కాడ వాపొచ్చినాది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ సేసి ఆ థైరాయిడ్ గ్రంథి తీసీసినారు. అది లేపోతే దాని పని మాత్రే సెయ్యాలంట, బతికినన్నాళ్ళూ, రోజూ పరగడుపున. డాక్టరు రక్తం సూసి ముందు యాభై మైక్రోగ్రాముల మాత్రిచ్చినాడు, తర్వాత నూరు సేసినాడు. అదే టైములో ఈవిడ ఒళ్ళు కూసింత నిండినాది. పక్క క్వార్టరావిడ ఊరుకుంటాదేటి? "ఆ మాత్రల వల్లేనండీ లావు, మా ఆడపడుచు గుమ్మంలో పట్టట్లేదు," అన్నాదంట.

ఇదంతా నాకేటి తెలుసు? నెలకోపాలి వొచ్చీవోరు, జాకెట్టు గుడ్డ ఉన్నా లేపోయినా "ఒకసారి కొలువు వరహాలూ" అనీవోరు. నాను "ముప్పైరెండండి" అనీవోడిని. గోరు మట్టుకు ముప్పైమూడు కాడుండీది. రెండు నెలలకి ముప్పైనాలుగున్నర. నోరు మాత్రం ముప్పైరెండు దాటీది కాదు. పాత జాకెట్లు బిగిసిపోతన్నాయంటే "ఉతుకులకి గుడ్డ ముడుసుకుపోనాదండి" అనీసి, లోపల వొదిలిన గుడ్డలోకి కుట్టు జరిపీసీవోడిని. ఆవిడ మొకం ఎలిగిపోయీది. నాకేమో పున్నెం సేసుకున్నట్టుండీది.

మే నెలొచ్చినాది. మన మే నెల సంగతి నీకు సెప్పాలేటి, నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టు పిండుకోవచ్చు. ఆవిడ శాలువా కప్పుకుని వొచ్చినారు! మొకం ఉబ్బిపోనాది, గొంతు బొంగురుపోనాది. "చలిగా ఉందయ్యా," అంటారు. మీ మామ్మ మంచినీళ్ళు తెచ్చీలోపు స్టూలు మీదే కునుకు తీసీసినారు. మెల్లిగా లేపి, ఒంట్లో బాగోలేదేటండని అడిగినాను. "ఏం లేదయ్యా, చిన్న ప్రయోగం చేస్తున్నాను. అయిదు నెలల నుంచీ మాత్రని బ్లేడుతో కోసి సగమే వేసుకుంటున్నా. నీ కొలత చూడు, వీసమెత్తు పెరగలేదు. అంటే సగం సరిపోతున్నట్టే కదా? రేపటి నుంచి పావే వేసుకుంటా," అన్నారు. కాటా ఎక్కి సూసుకోలేదేటండంటే, "కాటాలని నేను నమ్మనయ్యా. టేపు అబద్ధమాడదు," అన్నారు.

టేపు సుట్టి పక్కనెట్టీసినాను. నిజం సెప్పితే స్టీల్‌ప్లాంటు క్వార్టర్లలో ఆడోళ్ళందరికీ తెలిసిపోతాది, మన కొట్టుకి తాళమే. సెప్పకపోతే రేపటి నుంచి పావు మాత్ర. మీ మామ్మ నా ఎనక నిలబడి "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?" అన్నాది. అంతే, ఈ పుస్తకం తీసి ఈ పేజీ ఆవిడ ముందెట్టీసినాను. "టేపు ఆడలేదండి, నానే ఆడినాను," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. పరీక్ష పేపరు దిద్దినట్టు వేలెట్టి ఒక్కో అంకే సదివినారు. ముప్పైరెండు, ముప్పైమూడు. ముప్పైరెండు, ముప్పైనాలుగున్నర. ముప్పైరెండు, ముప్పైయారు. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి నోటి వరసంతా కొట్టీసినారు. అడుగున సున్నా సుట్టి సంతకం పెట్టినారు, అదిగో సూడు. తర్వాత పెన్నుకి మూత పెట్టినారు. "నాలుగంగుళాలయ్యా," అన్నారు. తిడితే బాగుణ్ణు అనిపించింది నాకు. తిట్టలేదు.

పుస్తకం పట్టుకునే డాక్టరు కాడికెళ్ళినారు. ఆయన దులిపీసినాడంట. "మాత్ర వల్ల లావు కాదమ్మా, మాత్ర సాలకే ఒళ్ళు మందగించింది. మోతాదు తేల్చాల్సింది రక్తపరీక్ష. మీరూ కాదు, మీ టైలరూ కాదు!" కాఫీతో కలిపి మింగుతున్నారేటని అదోటి అడిగినాడంట, అదీ నిజమే. మళ్ళీ నిండు మాత్ర, కాఫీ గంటాగి, ఆరు వారాలకి రక్తపరీక్ష, దాన్ని బట్టి ఇంకో పాతిక పెంచినాడు. "నీరు బేగి తీస్తుంది, కొవ్వు మాత్రం మీరు నడిచి కరిగించుకోవాలి, అదీ అంతా పోదు," అని ముందే సెప్పీసినాడంట.

పుస్తకం తిరిగిచ్చినప్పుడు నాకు శిచ్చ కూడా ఏసినారు. "ఇకనుంచి నా కొలత రోడ్డు మీదికి వినపడాలి." అలాగే అరిసీవోడిని మరి. అది ఇని ఇంకో ముగ్గురాడోళ్ళు ఎదర కొట్టుకి పోనారు, పోతే పోనారు. రెండు నెలల్లో శాలువా పోనాది, వాపు దిగింది, గొంతొచ్చింది. గొంతుతో పాటు గురువారం శుక్రవారం మాటా వొచ్చినాది, మీ మామ్మ ఎంత సంబరపడిందో. రోజూ పొద్దున్నే గ్రౌండు సుట్టూ నడక. గురునాథరావుగారు సగం సుట్టు ఎనకబడి ఆయాసపడీవోరు. నడుం మాత్రం కదల్లేదమ్మా. నాను "ముప్పైయారండీ" అని అరవడం, ఆవిడ "ఊఁ" అని పోవడం. జూలైలో అదే, ఆగస్టులో అదే. నోటి దాకా ముప్పైనాలుగొచ్చీది, నాలిక కరుసుకునీవోడిని.

దసరా ముందు ఓ సాయంత్రం కొలిసినాను. నమ్మకం కుదరక మళ్ళీ కొలిసినాను. మీ మామ్మ సేత కొలిపించినాను. అప్పుడు అరిసినాను సూడు, "ముప్పయ్యైదున్నరండీ!" ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు, పెదాల మీద నవ్వు. బయట స్కూటరు మీదున్న ఆయన్ని కేకేసి మాడుగుల హల్వా తెప్పించినారు, కొట్లో అందరికీ పంచినారు, తనూ తిన్నారు. నానే ఉండబట్టలేక, "అరంగుళానికి హల్వా ఏటండీ, మళ్ళీ పెరిగిపోద్ది," అన్నాను.

"పెరిగితే పెరిగిందనే చెబుతావు కదయ్యా," అన్నారు. "ఇంక నాకు భయమేంటి?"

...

ఆ కత్తెర్ల డబ్బా ఇలా తే. తుప్పట్టిపోయుంటాయి.